పోలిక చెట్టు

పోయిన నెల రాజోలులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన మాటల్లో మాటగా అన్నారు: "టీచరు గారూ, మీ ఇంట్లో అద్దెకుండేవారు చూడండి, కొబ్బరి డాక్టరమ్మ గారు. ఆవిడ పోయేరటండి." ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే ఆయనకీ తెలీదు. ఎవరో అనగా విన్నారట. ఆయన పప్పులో నెయ్యి కలుపుకోవడంలో పడిపోయారు. నేను కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. ఆవిడని చూసి ఎన్నేళ్ళో అయింది. చూడాలని నేను గట్టిగా అనుకున్నదీ లేదు. కొందరుంటారు. మంచివాళ్ళే, మన మేలు కోరినవాళ్ళే, అయినా గుమ్మంలో కనబడితే గుండె జారుతుంది. ఆవిడ ఆ కోవ మనిషి.

ఎనభయ్యో దశకం మొదట్లో వచ్చారు మా ఊరికి. మా వైపు కొబ్బరితోటల్లో అప్పటికే ఒక తెగులు తిరుగుతోంది. ఆకులు పొట్టివైపోతాయి, మాను పైకి వెళ్ళేకొద్దీ సన్నబడిపోతుంది, కాయ కొడితే లోపల కొబ్బరి ఉండదు. పోనీ చెట్టు చస్తుందా అంటే చావదు. ఏమీ ఇవ్వకుండా ఏళ్ళ తరబడి అలా నిలబడే ఉంటుంది. మందు లేదు. దాని పేరెత్తడానికి కూడా రైతులు ఇష్టపడేవారు కాదు. "అది వచ్చిందండి" అనేవారు, అంతే. ఆ 'అది' ఏమిటో తేల్చడానికి రాజోలు చివర ఒక పాత పెంకుటింట్లో చిన్న లాబొరేటరీ పెట్టి ఆవిడని పంపించారు. మా ఇంట్లో వెనక రెండు గదులు ఖాళీగా ఉంటే నాన్నగారు ఆవిడకి అద్దెకిచ్చారు. నాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు. నేనప్పటికి హైస్కూల్లో బయాలజీ చెప్తున్నాను. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నడిచేవారు. ఈ ప్రాంతం మనిషి కాదు. ఆ సంగతి తెలియడానికి ఊరి పేరు అడగక్కర్లేదు, ఆవిడ నోటి వెంట 'ఆయ్' అన్న మాట రాదు. మా వైపు వాళ్ళం ఎవరేం చెప్పినా ముందు ఆయ్ అనేస్తాం, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం తర్వాతి సంగతి. ఆవిడ దేనికీ అంత తేలిగ్గా తల ఊపరు. వాన వచ్చేలా ఉందండీ అంటే ఆకాశం కేసి చూసి "ఇప్పటికి మబ్బు పట్టింది" అనేవారు. ఒంట్లో బాగుందా అంటే "ఇప్పటికి బాగుంది." కూర కుదిరిందా అంటే కూడా అదే తంతు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నిక్షేపంలా ఉన్న మనిషి ఇప్పటికి బాగున్నాను అనడమేమిటి, వినేవాళ్ళకి దిగులు కాకపోతే.

డాక్టరు అన్నారు కదా అని మా పేట ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని జ్వరానికి మందివ్వమని వచ్చేవారు. ఆవిడ ఓపిగ్గా చెప్పేవారు, "నేను చెట్ల డాక్టర్ని కూడా కాదమ్మా. చెట్టుకి ఏం పట్టిందో చూస్తాను. నయం చెయ్యడం నాకు రాదు." వచ్చినవాళ్ళు ఆయ్ అని, మర్నాడు మళ్ళీ పిల్లాణ్ణి తీసుకొచ్చేవారు.

కొబ్బరిసీమలో ఉంటూ ఆవిడ బొండం తాగేవారు కాదు. ఇది చాలామందికి మింగుడు పడలేదు. ఏ తోటలో అడుగుపెట్టినా ముందు బొండం కొట్టి చేతికివ్వడం మా మర్యాద, కాదంటే ఇచ్చినవాడికి తలకొట్టేసినట్టుంటుంది. ఒకరోజు నాన్నగారే అడిగేశారు.

"ఏమ్మా, మా నీళ్ళు మీకు పడవా?"

"తాగకూడదని పెట్టుకున్నాను మాస్టారూ. జడ్జీ ముద్దాయి ఇంట్లో భోంచేస్తాడా?"

"చెట్టు ముద్దాయేంటండీ, పాపం."

"చెట్టు కాదండీ. ముద్దాయి చెట్టులో దాక్కున్నాడు."

తోటలోకి వెళ్తే ఆవిడ వెంట ఒక బకెట్టు ఉండేది, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళతో. ఒక చెట్టు ఎక్కి ఆకు కోసిన కత్తిని ఆ నీళ్ళలో నానబెట్టి కడిగితే గానీ రెండో చెట్టు మీద పెట్టనిచ్చేవారు కాదు. చెట్లెక్కి కాయల దింపు తీసే మనుషులు చాటుగా నవ్వుకునేవారు, కత్తికి బాప్తిస్మం ఇస్తున్నారని. ఆవిడ విన్నా విననట్టే ఉండేవారు.

ఓ సాయంత్రం అరుగు మీద కూర్చుని, అసలు మీరు వెతికేది ఏమిటండీ, సైన్సు టీచర్ని నాకైనా అర్థమయ్యేలా చెప్పండి అన్నాను. ఆవిడ చెప్పారు: "పురుగు కాదు, బూజు కాదు. నా అనుమానం ప్రకారం అదొక చిన్న రాత. దానికి ఒళ్ళు లేదు, నోరు లేదు, ఊపిరి లేదు. చెట్టులోకి దూరి చెట్టు చేతే తన నకళ్ళు రాయించుకుంటుంది. తాలూకాఫీసులో గుమాస్తా ముందు ఏ కాయితం పెట్టినా నకలు తీసేస్తాడు కదా, అందులో తన చావుకబురే ఉన్నా సరే. చెట్టూ అంతే. ఒకటి రెండవుతుంది, రెండు వేలవుతాయి. బయటికి మాత్రం ఏమీ కనపడదు." చల్లగాలి వేస్తోంది, ఎదురుగా చెట్లు ఊగుతున్నాయి. అంతకు ముందు ఆ చప్పుడు నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

బళ్ళో సెలవుల్లో ఒకటి రెండుసార్లు ఆవిడ లాబొరేటరీకి వెళ్ళాను. గుమ్మంలోనే నీచు వాసన కొట్టింది. కోసిన ఆకులు పాడవకుండా చేపల బుట్టలకి వేసే ఐసే తెప్పించి వాటి మీద పోసేవారు. ఆ ఆకుల్ని చల్లగా ఉండగానే రోట్లో మెత్తగా నూరి, మందులు పోసి, వడగట్టి, మళ్ళీ గిర్రున తిప్పి, ఆఖరికి సీసా అడుగున మిగిలిన చుక్కనీళ్ళు చూపించి "చెట్టు రాతంతా ఇందులో ఉంది" అనేవారు. రెండు గాజుపలకల మధ్య జున్నులా వణికే పలక ఒకటి పోసి, దాని పై అంచున చిన్న చిన్న గుంటల్లో ఆ చుక్కలు వేసి కరెంటు పెట్టేవారు. ఆ రాత ముక్కలు పలకలోంచి కిందికి పాకుతాయట. పెద్దవి పైనే చిక్కుకుంటాయి, చిన్నవి కిందికి దిగుతాయి. మధ్యలో కరెంటు పోయిందా, ఆ రోజు పనంతా గోదాట్లో పోసినట్టే. మా వైపు కరెంటు సంగతి తెలిసిందేగా.

తర్వాత పలకని ఒక ఎర్రటి రంగునీళ్ళలో ముంచేవారు. ఆ సీసా ఒక్కటీ తాళం వేసిన అలమారులో ఉండేది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "దీనికి రాత కనబడితే చాలండీ, దూరిపోతుంది. చెట్టు రాతా మనిషి రాతా అని చూడదు." కిటికీలకి నల్లగుడ్డలు కట్టిన చీకటిగదిలో ఊదారంగు దీపం వేసి పలకని దాని మీద పెట్టారు. నిప్పుకణికల రంగులో గీతలు వెలిగాయి. ఒక్కో చెట్టుకీ ఒక నిలువు వరస, వరసలో అడ్డగీతలు. ఆవిడ మొహం ఆ వెలుతుర్లో గుర్తుపట్టలేనట్టుగా ఉంది.

ఈ పని అంతటికీ ఆధారం ఒక్కటే, పోలిక. జబ్బుచెట్టు వరస పక్కన ఆరోగ్యమైన చెట్టు వరస ఉండాలి. జబ్బుచెట్టులో ఉండి ఆరోగ్యమైన చెట్టులో లేని గీత ఏదైనా కనబడితే అదీ దొంగ. అంచేత ఆవిడకి శంక లేకుండా ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఒకటి కావాల్సొచ్చింది. ఎక్కడో వెతకడమెందుకు, మా పెరట్లోనే ఉంది కదా అనుకున్నారు. ప్రతి పలకలో ఆఖరి వరస మా చెట్టుదే.

ఆ చెట్టు గురించి చెప్పాలి. మా తాతయ్య ఒకరి తోటల్లో కూలికి పుట్టి, కూలికి పెరిగిన మనిషి. నడివయసులో కాలవగట్టున ఈ నేలచెక్క కొనుక్కున్న రోజున ఆయన పాతిన మొదటి మొక్క అది. నాన్నగారికి ఆ చెట్టంటే చెట్టు కాదు, తండ్రి. మా పేటలోగానీ, పైఊళ్ళలో మా సంఘస్తులుగానీ ఎవరు కొత్త ఇల్లు కట్టి ప్రార్థన పెట్టుకున్నా, నాన్నగారు ఆ చెట్టు కాయ మొలకేసిన మొక్క ఒకటి పట్టుకెళ్ళేవారు. పాస్టరుగారు ఆమెన్ అనగానే పెరట్లోకి నడిచి, పంచె ఎగ్గట్టి, స్వయంగా గొయ్యి తీసి పాతేవారు. ఆ మొక్క పాతితేనే గృహప్రతిష్ఠ పూర్తయినట్టు. దిండిలో, పి.గన్నవరంలో, ఆఖరికి గోదారి దాటి కపిలేశ్వరపురంలో కూడా మా చెట్టు పిల్లలున్నాయి. "ఒకప్పుడు మనం ఒకళ్ళ చెట్లెక్కి బతికేం. ఇప్పుడు ప్రతి ఇంటికీ సొంత చెట్టు ఉండాలి" అనేవారు నాన్నగారు. ఈ మాట ఆయన అన్నప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చేవి.

ఇప్పుడు దానికి తోడు లాబొరేటరీ సర్టిఫికెట్టు కూడా వచ్చింది. ఒకరోజు డాక్టరమ్మ గారిని నాన్నగారు సూటిగా అడిగారు, మా చెట్టు మంచిదేనాండీ అని. ఆవిడ 'ఇప్పటికి' అన్న తన ఊతపదం మర్చిపోయిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. "శుభ్రంగా ఉంది మాస్టారూ. నేను మిగిలినవాటిని కొలిచేదే దాంతో" అన్నారు. ఇంకేముంది. ఆదివారం గుడిలో, ఇళ్ళ ప్రార్థనల్లో, బస్సులో పక్కసీటాయనకి కూడా నాన్నగారు చెప్పేశారు, మన చెట్టు పరీక్షలో నెగ్గిందండి, డాక్టరు గారే చెప్పేరండి అని. మొక్కలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

పరీక్షలు మాత్రం ముందుకి కదల్లేదు. జబ్బుచెట్లన్నిటిలోనూ కింద ఒక సన్నగీత కనబడుతోంది. ఆవిడ మొదట ఎంతో ఆశపడ్డారు. కానీ అదే గీత మా చెట్టు వరసలోనూ ఉంది. ఆరోగ్యమైన చెట్టులో ఉందంటే అది కొబ్బరిచెట్టు సొంత రాతే, తెగులుది కాదు. అలా ఆ గీతని పక్కన పెట్టేసి, లేని గీత కోసం వెతుకుతూ ఏళ్ళు గడిపారు.

నేను ఒక్కోసారి ఆవిడతో తోటలకి వెళ్ళేదాన్ని. జబ్బుచెట్టు యజమానిని ఆవిడ తప్పకుండా అడిగే ప్రశ్న, "ఇది రాకముందు చెట్టు ఎలా ఉండేది?" అందరిదీ ఒకటే జవాబు.

"బ్రహ్మాండంగా కాసేదండి. అది రాకముందు ఏడాది చూడాలి, గెలలు మొయ్యలేక మట్టలు ఒంగిపోయేవండి."

మేం దారిలో నవ్వుకునేవాళ్ళం. మా వైపు ఎవరైనా పోతే సంతాపసభలో వినాలి, బతికుండగా చుట్టాలందరితో తగువులాడినవాడు కూడా దేవుడంతటివాడైపోతాడు. పోయిన చెట్టుని మాత్రం ఎవరు తక్కువ చేస్తారు? "మీవాళ్ళు చెట్లకి కూడా సంతాపసభ పెడతారు టీచరు గారూ" అనేవారావిడ. ఆవిడ నవ్వగా చూసింది ఆ దారుల్లోనే.

అలా ఉండగా ఒక ఏడు మా చెట్టు విరగ్గాసింది. ఆకులు నల్లటి ఆకుపచ్చగా నిగనిగలాడాయి. నాన్నగారు వచ్చినవాళ్ళనల్లా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి చూపించారు. తాతయ్య ఆశీర్వాదమే అన్నారు. ఆ కాయల్లో ఒక్కటీ వంటకి వాడనివ్వలేదు, అన్నీ మొలకకే వేయించారు.

మరుసటి ఏడు వేసవి ముందు, ఒక పొద్దున్న డాక్టరమ్మ గారు మా వెనక వసారాలో నిలబడి కాఫీ తాగుతున్నారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆవిడ గ్లాసు సగంలో కిందపెట్టి చెట్టు కేసి నడిచారు. చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి చూస్తూ అలా ఉండిపోయారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మీకు ఆ పైన మాను సన్నబడినట్టు అనిపిస్తోందా?" అన్నారు.

నాకు అనిపించలేదు. ఎప్పుడూ చూసే చెట్టు, మనకి ఏం తెలుస్తుంది. మళ్ళీ చూశాను. కొత్తగా వచ్చిన ఆకులు కింది ఆకుల కంటే పొట్టిగా ఉన్నాయి.

"నిరుడు ఇది ఎలా కాసింది?" అన్నారావిడ, నన్ను కాదు, తనని తానే అడుగుతున్నట్టు. "వాళ్ళందరూ చెప్పారు. ప్రతివాళ్ళూ చెప్పారు. నేను నవ్వాను."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ విపరీతమైన కాపే తెగులు మొదటి గుర్తు. చెట్టు లోపల అది నిండుతున్నప్పుడే పైకి అంత పచ్చగా ఉంటుంది. రైతులు సంతాపం చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అలాంటి చెట్టునే, అన్నిటికంటే పచ్చగా ఉందని, ఆవిడ ఆరోగ్యానికి కొలతగా పెట్టుకున్నారు. జబ్బుచెట్టు పక్కన జబ్బుచెట్టునే పెట్టి, రెంటిలోనూ ఒకే గీత ఉంది కాబట్టి ఆ గీతకి దోషం లేదన్నారు. ఎక్కువ కాసే చెట్టే మంచి చెట్టని మా అందరి నమ్మకం. ఆవిడ కూడా మా పెరట్లో ఉండి ఉండి మాలాగే ఆలోచించారు.

నాన్నగారికి ఆ రోజు చెప్పొద్దన్నారు. "అనుమానంతో చెట్టుకి పేరు పెట్టకూడదు. ముందు వేరే చెట్టుతో పోల్చి చూడాలి" అన్నారు. వేరే చెట్టు అంటే ఏది? ఈ సీమలో ఏ చెట్టుని చూసినా ఆవిడకి నమ్మకం పోయింది. సెలవు పెట్టి, ఆ తెగులు ఎవరూ ఎరగని ఉత్తరాది ఉద్దానం కొబ్బరితోటలకి వెళ్ళారు. ఐసు డబ్బాలో ఆకు పట్టుకుని ఒళ్ళంతా దుమ్ముతో తిరిగొచ్చారు. ఆ పలక వేసిన రోజున మమ్మల్నిద్దర్నీ లాబొరేటరీకి రమ్మన్నారు.

పట్టపగలు, ఆ చీకటిగదిలో ఊదారంగు దీపం వేశారు. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశారు. వరసగా అన్నిటిలోనూ కింద అదే సన్నగీత వెలుగుతోంది. ఒక్క వరసలో మాత్రం ఆ చోటు నల్లగా ఉంది. చదువు చెప్పిన మనిషి కదా, ఎవరూ చెప్పకుండానే చూపుడువేలు ఆ చోటికి చూపించారు.

"మా నాన్న చెట్టు ఇదేనాండీ?"

"కాదు మాస్టారూ. అది ఉద్దానం చెట్టుది. మీది దీని పక్కది."

"మరి ఇవన్నీ?"

"మీ వైపు తోటల్లోవే."

నాన్నగారు వేలు దించేశారు. ఆవిడే అన్నారు, "ఈ గీతే తెగులని నేను ఇంకా రుజువు చెయ్యలేను. గింజలోంచి మొక్కకి పోతుందో లేదో కూడా నాకు తెలీదు. కానీ ఆ చెట్టు శుభ్రంగా ఉందని మీతో అన్నాను. ఆ మాట తప్పు." నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెంటనే జాలీ వచ్చింది. రెంటిలో ఏది నిలిచిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇంటికొచ్చాక నాన్నగారు చెట్టు దగ్గరికి వెళ్ళలేదు. వాలుకుర్చీలో చాలాసేపు కూర్చుని, "మన చేత్తో పాతిన ఇళ్ళకి మనమే వెళ్ళి చెప్పాలమ్మాయ్" అన్నారు. వెనకగది గుమ్మంలోంచి డాక్టరమ్మ గారు, "నేనూ వస్తాను మాస్టారూ. మీరు వాళ్ళకి చెప్పింది నా మాటే కదా, నేనే వెనక్కి తీసుకోవాలి" అన్నారు. ఆయన వద్దనలేదు.

మొదట దిండి వెళ్ళాం. నాన్నగారి దగ్గర చదువుకుని టీచరైన అమ్మాయి ఇల్లు. వాళ్ళ వంశంలో పక్కా ఇల్లు కట్టిన మొదటి మనిషి. ఆ ఇంటి ప్రార్థన నాడు నాన్నగారు మొక్క పాతుతుంటే వాళ్ళమ్మ ఏడవడం నాకు గుర్తుంది. బస్సు దిగిన దగ్గర్నుంచి నాన్నగారు చెప్పాల్సిన మాటలు లోపల్లోపల కూడబలుక్కుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి. డాక్టరమ్మ గారు ఆయన వెనక, తల వంచుకుని నడుస్తున్నారు.

మమ్మల్ని చూడగానే ఆ అమ్మాయి మొహం చేటంత అయింది. "మాస్టారూ, రండి రండి. డాక్టరమ్మ గారూ, మీరు కూడా వచ్చేరాండి. మీకు కబురు చేద్దామనే అనుకుంటున్నానండి." కూర్చోమని కూడా అనకుండా, మేం ఇంకా ఒక్క మాటా ఎత్తకముందే, ముగ్గుర్నీ పెరట్లోకి నడిపించింది.

"మాస్టారు పాతిన మొక్కేనండి. ఎలా ఉందో చూడండి."

చూశాం. ఆకులు నల్లటి ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. లేతమాను మీద గెల మీద గెల, సందు లేకుండా. నాన్నగారు చేతికందిన గోడ పట్టుకున్నారు.

డాక్టరమ్మ గారు చెట్టు కేసి ఒక్కసారే చూశారు. తర్వాత ఆ అమ్మాయి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, పిల్లలకి జ్వరం ఎప్పుడొచ్చిందని తల్లిని అడిగినట్టుగా, నెమ్మదిగా అడిగారు.

"ఎప్పట్నుంచమ్మా ఇలాగ?"

"ఈ ఏడేనండి," అంది ఆ అమ్మాయి మురిసిపోతూ. "ఇంత కాపు ఎప్పుడూ ఎరగమండి."